రాని గీత

పళ్లు తోముకుంటూనే లక్ష్ముడు వీధిలో ఆగి ఉన్న ఆటో వెనక చక్రాన్ని పాదంతో నొక్కి చూశాడు. గాలి సరిగానే ఉంది. ఆ ఆటో అతనిది కాదు, పక్కింటివాళ్లది. అయినా పొద్దున్నే ఏదో ఒక చక్రం మీద కాలు పెట్టకపోతే అతనికి తెల్లవారినట్టుండదు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, మెడ లావుగా ఉంటాడు. ఏళ్ల తరబడి కిటికీ పక్కన ఎండకు కాగి, కుడి చెయ్యి ఎడమ చేతికన్నా బాగా నల్లబడింది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవి అనిపిస్తాయి. దుమ్ము వల్లనో, పుట్టుకతోనో, కళ్లు ఎప్పుడూ కొంచెం ఎర్రగానే ఉంటాయి. మొన్న మొన్నటిదాకా ఆ ఎరుపును ఎవరూ పట్టించుకోలేదు.

రాజాంలో బియ్యం కొట్ల వెనక సందులో ఒక గది అతని ఇల్లు. లోపలికి వచ్చి రాత్రి వేసి ఉంచిన చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. తింటూ ఉండగానే రొమ్ము కింద మంట మొదలైంది. గూట్లో గ్యాస్ మాత్రల అట్ట ఉంది. పదిహేనేళ్లుగా పరగడుపున వేసుకుంటున్న మాత్ర. ఇప్పుడు దాని వైపు చూడడు. ఇంకో గ్లాసు మజ్జిగ తాగి, ఉతికి మడత పెట్టిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఇవాళ విజయనగరంలో లేబర్ ఆఫీసులో విచారణ.

లక్ష్ముడు సముద్రం పక్కన పుట్టాడు. తండ్రి, అన్నలు పడవ ఎక్కినవాళ్లే. అతనికి మాత్రం పడవ కదిలితే కడుపులో తిప్పేది. ఒడ్డు దాటకుండానే వాంతి చేసుకునేవాడు. "ఈడు నేల మీద బతికీవోడు" అని తండ్రి తేల్చేశాడు. అలా లారీ క్లీనరు అయ్యాడు, తర్వాత డ్రైవరు అయ్యాడు. ఉద్దానం వైపు పిల్ల కూర్మమ్మను పెళ్లి చేసుకున్నాక, రాత్రిళ్లు ఇంట్లో ఉండాలని లారీ మానేసి రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో బస్సు డ్రైవరుగా చేరాడు. పిల్లలు పుట్టలేదు. కిడ్నీలు పాడై కూర్మమ్మ కూడా పోయింది. మిగిలింది అతను బస్సు తోలే బొద్దాం రూటు, ఆ రూట్లో పొద్దునా సాయంత్రం ఎక్కి దిగే పిల్లలు.

పోయిన వానాకాలం ఎక్కడో ఒక స్కూలు బస్సు కాలవలో పడింది. ఆ డ్రైవరు మత్తులో ఉన్నాడని టీవీలో చెప్పారు. అది చూసి ఈ స్కూలువాళ్లు తమ డ్రైవర్లందరికీ పరీక్ష పెట్టించారు. ఒక ల్యాబు మనిషి బస్సుల షెడ్డుకు వచ్చి తలా ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చాడు. మీరేమైనా మందులు వాడుతున్నారా అని ఎవర్నీ అడగలేదు. మూత్రంలో పట్టీ ముంచి బల్ల మీద వరసగా పెట్టాడు. గీత వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే మత్తు ఉన్నట్టు. లక్ష్ముడి పట్టీలో గంజాయి దగ్గర గీత రాలేదు.

అతనికి మొదట అర్థం కాలేదు. పెళ్లయిన కొత్తలో మందుల షాపు నుంచి ఇలాంటి పట్టీలే తెచ్చేవాడు. అప్పుడు కూడా రెండో గీత రావాలి. వస్తే బిడ్డ. కూర్మమ్మ పట్టీని గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని, "ఓపాలి సూడు, లీలగా ఉన్నాదేమో" అనేది. అతను ఉందనేవాడు కాదు, లేదనేవాడు కాదు. ఆ రోజు షెడ్డులోనూ పట్టీని తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు. లీలగానైనా లేదు.

బస్సుల వ్యవహారాలు చూసే గణపతిరావు అతన్ని పక్కకు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు.

"సంతకం పెట్టీ. నీ అంతట నువ్వే మానేసినట్టు ఉంటాది. పోలీసుల దాకా ఎల్లదు."

"పెడితే తాగినట్టే కదా బాబూ?"

"తాగనేదంటావేటి? పరీక్ష అబద్ధం ఆడతాదా?"

"బీడీ ముట్టినోడిని కాను బాబూ. మీకు తెల్దా?"

గణపతిరావుకు తెలుసు. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు. లక్ష్ముడు సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రమే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పడింది. మత్తు పరీక్షలో పట్టుబడిన బొద్దాం రూటు డ్రైవరును వెంటనే తొలగించామని, పిల్లల భద్రతే తమకు ముఖ్యమని కింద రాశారు. తెల్లారేసరికి ఆ ఫొటో చేరని ఫోను రాజాంలో లేదు. ఇంటి యజమాని భార్య నీళ్ల కుళాయి దగ్గర మాట్లాడటం మానేసింది. టీ కొట్టువాడు ఎప్పటిలాగే టీ ఇచ్చాడు గాని కళ్లలోకి చూడలేదు. అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది, సందు చివర నిలబడే ఇద్దరు కుర్రాళ్లు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మావా, ఎక్కడ దొరుకుతాది?" అని అడిగారు. ఎంతో మర్యాదగా అడిగారు.

బస్సు తోలినన్నాళ్లూ కోర్టు మలుపు దగ్గర బండి నెమ్మదించినప్పుడల్లా గోడ మీద 'ఉచిత న్యాయ సహాయం' అన్న బోర్డు కనిపించేది. అది ఎవరికోసమో అనుకునేవాడు. వారం రోజులు గదిలో పడుకుని, ఒక ఉదయం లేచి ఆ గోడ లోపలికి నడిచాడు. వాళ్లు ఝాన్సీ అనే లాయరును చూపించారు. ముప్పై ఏళ్ల అమ్మాయి, వేగంగా మాట్లాడుతుంది గాని చెప్పేది పూర్తిగా వింటుంది.

"షెడ్డులో చేసింది జల్లెడ లాంటి పరీక్ష లక్ష్ముడు గారూ," అంది. "జల్లెడలో ఆగిందల్లా రాయి కాదు కదా, చేత్తో తీసి చూడాలి. మిగిలిన శాంపిల్‌ను పెద్ద ల్యాబులో ఇంకో పద్ధతిలో పరీక్ష చేయించమని అడుగుదాం. ముందు ల్యాబుకు నోటీసు ఇస్తాను, అది పారబోయకుండా. విచారణ లేకుండా తీసేశారు కాబట్టి లేబర్ ఆఫీసులో అర్జీ వేద్దాం. అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. ఫొటో పెట్టి పరువు తీసినందుకు వేరే కేసు వేయొచ్చు, కానీ అది ఏళ్లు పడుతుంది. మీకు ముఖ్యంగా ఏం కావాలో చెప్పండి. ఉద్యోగమా, ఆపిన జీతమా?"

లక్ష్ముడు చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాను తాగనేదని ఎవులో ఒకులు గట్టిగా సెప్పాలమ్మా. నలుగురూ ఇనీటట్టు."

ఆమె రాసుకోవడం ఆపి తలెత్తింది. తర్వాత, "మీరు రోజూ వేసుకునే మందులేమిటి?" అని అడిగింది. అతన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

అదంతా జరిగి నెలలయింది. ఈలోగా ఏ బండి యజమానీ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. ధాన్యం మిల్లు దగ్గర బస్తాల మూతులు పురికొసతో కుడుతూ గడిపాడు. బారువ నుంచి బావమరిది దేవేంద్ర అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "బావా, ఒచ్చీ. చేపల బండి డ్రైవరు నేక ఆగిపోనాది. అక్క నేకపోతే మేం నేమా?" అనేవాడు. "ఇది తేలనీరా" అనేవాడు లక్ష్ముడు.

*

విజయనగరం బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. చీపురుపల్లి దాటేదాకా లక్ష్ముడి కుడికాలు తనకు తెలియకుండానే బ్రేకు వేస్తూ ఉంది.

లేబర్ ఆఫీసులో ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. బల్లకు ఒకవైపు గణపతిరావు, స్కూలు తరఫు లాయరు. ఇంకోవైపు ఝాన్సీ, ఆమె పక్కన కుర్చీ అంచున లక్ష్ముడు. అధికారి వయసు మళ్లిన మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని, పెద్ద ల్యాబు నుంచి వచ్చిన కొత్త రిపోర్టును ఝాన్సీకే ఇచ్చాడు. "మీరే చదవండమ్మా."

ఆమె లేచి నిలబడి చదివింది. శాంపిల్‌లో గంజాయి ఆనవాళ్లు లేవు. కడుపులో మంటకు వాడే ఆ మాత్ర వల్ల మొదటి రకం పరీక్షలో ఒక్కోసారి తప్పు ఫలితం రావచ్చు. చదువుతున్నంతసేపూ లక్ష్ముడు ఆమె పెదవుల వైపే చూశాడు. "ఆనవాళ్లు లేవు" అన్నచోట కుర్చీలో వెనక్కి జరిగి, నెలల తర్వాత మొదటిసారి వీపు ఆనించి కూర్చున్నాడు.

స్కూలు లాయరు వాదించలేదు. పిల్లల భద్రత కోసం మంచి ఉద్దేశంతోనే చేశామని, ఉద్యోగంలోకి తీసుకుంటామని, ఆపిన జీతం ఇస్తామని చెప్పాడు. అధికారి రాసుకుని, "ఇంకేమైనా ఉందా?" అని లక్ష్ముణ్ణి అడిగాడు.

"గ్రూపులో నా ఫొటో ఏసి రాసినారు బాబూ. ఇదీ అలాగే ఏయమనండి. ఫొటోతోని."

గణపతిరావు అక్కడికక్కడే ఫోన్ తీసి టైపు చేశాడు. సాంకేతిక కారణాల వల్ల తలెత్తిన అపోహ తొలగిందని రాస్తే ఝాన్సీ ఒప్పుకోలేదు. "అపోహ కాదు. పరీక్ష తప్పు. ఆయన ఏ మత్తూ వాడలేదు. అలా రాయండి," అంది. అతను కొట్టేసి మళ్లీ రాశాడు. పాత ఫొటోయే పెట్టి పంపించాడు. ఎర్రటి కళ్లతో ఉన్న లక్ష్ముడి ముఖం గ్రూపులో మళ్లీ పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ కాసేపు ఆ ఫోను వైపే చూశారు. ఎవరో ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. తర్వాత ఇంకొకరు. అంతే. మొదటి మెసేజి పడిన సాయంత్రం ఆ గ్రూపు రాత్రంతా మోగుతూనే ఉందని గణపతిరావుకు గుర్తొచ్చిందేమో, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

గేటు దగ్గర ఝాన్సీ అంది: "పరువునష్టం కేసుకు ఇంకా గడువుంది. ఆలోచించుకోండి. మీరంటే నేను వేస్తాను."

"ఇంకొద్దమ్మా. నువ్వు నిలబడి సదివినావు. నానిన్నాను."

ఆమె తల ఊపి ఫైలు సంచిలో పెట్టుకుంది. అతను రెండు చేతులూ జోడించాడు, ఒకటి నల్లగా, ఒకటి చామనఛాయగా.

*

గణపతిరావు తన కారులోనే రాజాం తీసుకొచ్చాడు. చాలాదూరం రేడియో స్టేషన్లు మారుస్తూ నడిపాడు. చివరికి, "నా మీద కోపం పెట్టుకోకు లక్ష్ముడూ. నాకూ పిల్లలున్నారు," అన్నాడు.

"ఉన్నారు బాబూ. ఎరగనా." స్టీరింగు మీద గణపతిరావు చేతుల వైపు చూస్తూ అన్నాడు. "సాయంత్రం ట్రిప్పు నాను ఏస్తాను."

"ఇయ్యాలే ఎందుకు? రేపటి నుంచి ఎక్కు."

"ఇయ్యాలే ఏస్తాను."

షెడ్డులో అతని బస్సును కొత్త డ్రైవరు నరేష్ కడుగుతున్నాడు. తాళం చెవి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా ఈశ్వరి చీపురు కింద పడేసి వచ్చింది.

"అన్నా! ఒచ్చీసినావా?" అంది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ దినం నాను మాటాడాల్సింది. ఈ మనిసి అలగటోడు కాడని సెప్పాల్సింది. నా పనీ పోతాదని బయమేసినాది."

"ఎవులు సెప్పినా ఆ దినం ఇనీవోలు నేరులే అమ్మా. ఎక్కు."

సీటు ముందుకు జరిపి ఉంది. తన కాళ్లకు సరిపడేలా వెనక్కి జరుపుకున్నాడు. అద్దం తిప్పుకున్నాడు. ఇంజను మోగగానే అరికాళ్లలోంచి వెచ్చగా ఏదో పైకి పాకింది.

సాయంత్రం బస్సు లక్ష్ముడే తోలతాడన్న కబురు అప్పటికే ఫోన్లలో పాకింది. స్కూలు గంట కొట్టాక పిల్లలు వచ్చారు. ఎప్పుడూ నిలబడే చోటు కూడా ఉండని బస్సు సగం కూడా నిండలేదు. గేటు బయట చాలామంది తండ్రులు, తల్లులు మోటారు సైకిళ్ల మీద వచ్చి తమ పిల్లల్ని వెనక ఎక్కించుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు అతన్ని చూసి నవ్వారు కూడా.

రెండో తరగతి తులసి ఎప్పటిలాగే మొదటి సీటులో కూర్చుంది. "లక్ష్ముడు తాతా, జొరం తగ్గినాదా?" అని అడిగింది. ఇంట్లో ఆ పిల్లకు అలా చెప్పి ఉంటారు.

"తగ్గిపోనాది తల్లీ."

"సానా పెద్ద జొరమా?"

"పెద్దదే."

ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా కోసిన పొలాలు, అక్కడక్కడా మినుము మొలకలు. లక్ష్ముడు అద్దంలోకి చూశాడు. వెనక మూడు నాలుగు మోటారు సైకిళ్లు వస్తున్నాయి. దారిచ్చాడు. అవి దాటలేదు. గోతుల దగ్గర బస్సు నెమ్మదిస్తే అవీ నెమ్మదించాయి. మొదటి ఊళ్లో పిల్లల్ని దింపడానికి ఆగితే, అవీ కొంచెం దూరంలో ఆగాయి. ఒకాయన హెల్మెట్ తీసి ముఖం తుడుచుకున్నాడు. అతను తులసి తండ్రి. మిగతావాళ్లూ లక్ష్ముడు ఎరిగినవాళ్లే. వీళ్ల పెద్దపిల్లల్ని కూడా అతనే బడికి తీసుకెళ్లాడు.

అప్పుడు అర్థమైంది. వాళ్లు పిల్లల్ని బస్సెక్కించి, బస్సు ఎలా వెళుతోందో చూడ్డానికి వెనకే వస్తున్నారు.

ఈశ్వరి కూడా చూసింది. "ఈ మనుసులకి సిగ్గు నేదు," అని గొణిగింది.

"ఊరుకో. పిల్లలు ఇంటారు."

అతను తన జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ బండి నడపలేదు. మలుపులో హారన్ కొట్టి, ఎదర ఖాళీగా ఉన్నా ఆగి, గేరు మార్చిన చప్పుడు కూడా వినిపించకుండా నడిపాడు. చేతులు చెమట పట్టాయి. దారి పొడుగునా కళ్లు రోడ్డు మీద, అద్దం మీద, మళ్లీ రోడ్డు మీద. లైట్లు వేసుకునే వేళకు వెనక ఆ బళ్ల దీపాలు అద్దం నిండా నిలిచాయి. ఎదర పశువులు అడ్డం వస్తే బ్రేకు వేశాడు. మామూలుగా వేసే బ్రేకే. వేసిన వెంటనే, వెనకవాళ్లు ఏమనుకున్నారో అనుకున్నాడు. ఇక మీదట వేసే ప్రతి బ్రేకుకూ అలాగే అనుకోవలసి వస్తుందని కూడా అనుకున్నాడు.

తులసి ఊరొచ్చింది. తండ్రి బండి దిగి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్లను చంకనేసుకునే డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. "బాగున్నారా లక్ష్ముడు గారూ? మెసేజి చూసినాం. సంతోషం," అన్నాడు. అంటూనే కొంచెం ముందుకు వంగి కళ్లలోకి చూశాడు. ముక్కుతో గాలి పీల్చడం కూడా లక్ష్ముడికి తెలిసింది.

అతనికి కోపం రాలేదు. రావాలని కాసేపు ఎదురుచూశాడు గాని రాలేదు. తనకే ఒక పిల్ల ఉండి ఉంటే తనూ ఇలాగే వంగి చూసేవాడేమో. తనకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"బాగున్నానయ్యా," అన్నాడు.

తులసి తండ్రి భుజం మీద నుంచి చెయ్యి ఊపింది. "రేపు రా తాతా."

లక్ష్ముడు కూడా చెయ్యి ఊపాడు. వస్తానని మాత్రం అనలేదు.

తిరుగుదారిలో అద్దం ఖాళీగా ఉంది. ఈశ్వరి ఏదో మాట్లాడుతూనే ఉంది, ఆమె కూతురి చదువు గురించి, మోకాలి నొప్పి గురించి. అతను ఊఁ కొట్టాడు. షెడ్డులో బస్సును గోడకు సమంగా పెట్టి, చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, గణపతిరావు గదిలోకి వెళ్లాడు.

"ఆ కాగితం ఇయ్యండి బాబూ. సంతకం పెడతాను."

గణపతిరావుకు ఏ కాగితమో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మతిపోనాదేటయ్యా నీకు? ఇన్ని నెలలు కొట్లాడి గెలిసినావు కదా?"

"గెలిసినాను బాబూ. అందుకే ఎల్లగలుగుతన్నాను. ఆ దినం పెడితే అది దొంగ పెట్టిన సంతకం. ఇది నాది."

"నీకు ఎవరన్నా ఏటైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అననేదు."

గణపతిరావు చాలాసేపు చెప్పిచూశాడు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారన్నాడు. లక్ష్ముడు నిలబడే ఉన్నాడు. చివరికి తెల్లకాగితం మీద గణపతిరావే రాసిచ్చాడు. లక్ష్ముడు కింద తన పేరు ఒక్కో అక్షరం పేర్చినట్టు రాసి, తాళం చెవి బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. ఈశ్వరి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

గది నుంచి తెచ్చుకోవలసింది ఒక సంచెడే ఉంది. కూర్మమ్మ ఫొటోను చొక్కాల మధ్య పెట్టుకున్నాడు. శ్రీకాకుళం బస్సు ఎక్కి దేవేంద్రకు ఫోన్ చేశాడు.

"బండి ఖాళీగానే ఉన్నాదేటిరా?"

"ఉన్నాది బావా. ఒస్తన్నావా? తేలిపోనాదా?"

"తేలిపోనాది."

"మరి ఉజ్జోగం ఇచ్చినారా?"

"ఇచ్చినారు. చేపలైతే మొగం వంక సూడవు కదరా."

దేవేంద్ర నవ్వాడు. అది తమాషా మాట అనుకున్నాడు. బస్సు కదిలింది. లక్ష్ముడు కుడికాలిని సీటు కిందికి ముడుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రాజాం దీపాలు ఒకటొకటే వెనక్కి వెళ్లిపోయాయి.

*

మర్నాడు పొద్దున నరేష్ బస్సు తీశాడు. లక్ష్ముడు వెళ్లిపోయిన కబురు విన్న ఈశ్వరి బస్సెక్కి సీట్లు తుడవడం మొదలుపెట్టింది. డ్రైవరు సీటు వెనకకు వచ్చేసరికి ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. అక్కడ కొక్కేనికి లక్ష్ముడి గొడుగు ఉంది. వాన కురిసే రోజుల్లో బస్సాపి, అతనే దిగి, దాని కింద ఒక్కో పిల్లనూ ఇంటి చూరు దాకా నడిపించేవాడు. అతను తడిసిపోయేవాడు. అతన్ని తీసేశాక దాన్నెవరూ విప్పలేదు.

"అడ్డంగా ఉంటే తీసీ అక్కా," అన్నాడు నరేష్.

ఆమె తియ్యలేదు. బస్సు బొద్దాం వైపు తిరిగింది. నలుపు వెలిసి బూడిదరంగు తేలిన గుడ్డ, విరిగిన ఊచకు ఎవరో పిల్ల తన జడ నుంచి తీసి కట్టిన ఎర్ర రిబ్బను, మడతల్లో ఇంకిపోయిన వానాకాలపు తుప్పు వాసన. గోతులు వచ్చినప్పుడల్లా ఆ గొడుగు ఖాళీ కొక్కేల పక్కన మెల్లగా ఊగుతోంది.